వెచ్చాల పద్దు: మన ఊళ్ళ కిరాణా కొట్ల చరిత్ర

తెలుగు ప్రాంతాల చరిత్ర రాసినవారు కోటల గురించి, గుళ్ళ గురించి, ఆనకట్టల గురించి, గ్రంథాలయాల గురించి, నాటక సమాజాల గురించి విస్తారంగా రాశారు. ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ రోజుకు ఒక్కసారైనా ఎవరో ఒకరు వెళ్ళిన కిరాణా కొట్టు గురించి మాత్రం రాసింది బహు తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు. కొట్టుకు శాసనం ఉండదు, శంకుస్థాపన ఉండదు, వార్షికోత్సవ సంచిక ఉండదు. అది ఉన్నంతకాలం దాన్ని గమనించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. మూతపడ్డాక మిగిలింది జ్ఞాపకాలే. ఆ జ్ఞాపకాల్లో బెల్లం వాసన ఉంటుంది, కొసరుగా చేతిలో పోసిన వేయించిన శనగపప్పు ఉంటుంది; బాకీల పుస్తకం ఉండదు, వాకిట్లో దూరంగా నిలబెట్టిన మనుషులు ఉండరు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినవి రెండు విషయాలు. మొదటిది: పాత కిరాణా కొట్లను సూపర్ మార్కెట్లు చంపేశాయన్న మాటలో సగం కన్నా తక్కువ నిజం ఉంది. అవి రావడానికి నలభై, యాభై ఏళ్ళ ముందు నుంచే కొట్టు చేసే పనులు ఒక్కొక్కటిగా దాని చేతుల్లోంచి జారిపోతూ వచ్చాయి. రెండవది: సరుకు అమ్మడం కొట్టు చేసిన పనుల్లో ఒకటి మాత్రమే. కాగితం, పూచీకత్తు లేకుండా పేదవాడికి అప్పు పుట్టే చోటు ఊళ్ళో అదొక్కటే. దాని బలం, దాని దోషం రెండూ ఆ అప్పులోనే ఉన్నాయి.

పేర్లు, మాటలు

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో దీన్ని కిరాణా కొట్టు, పచారీ కొట్టు, చిల్లర కొట్టు అన్నారు. రాయలసీమలో అంగడి అన్నారు. తెలంగాణలో కిరాణం దుకాణం అన్నారు. అంగడి దక్షిణాది భాషలకు ఉమ్మడి మాట. దుకాణం అరబ్బీలో పుట్టి పారశీకం మీదుగా మనకు చేరిన మాట. కొనుక్కొచ్చేవాటిని సరుకులనీ, దినుసులనీ, వెచ్చాలనీ అన్నారు. వెచ్చం అంటే సంస్కృత ‘వ్యయం’ తద్భవ రూపం. ఇంట్లో ఖర్చయిపోయేవన్నీ వెచ్చాలే.

ఈ మాటల్లో ఒక విశేషం ఉంది. జమ, ఖర్చు, బాకీ, వసూలు వంటి లెక్క రాసే మాటలు అరబ్బీ, పారశీకాల నుంచి కచేరీల ద్వారా వచ్చినవి. అరువు, అప్పు, తూకం, కొసరు వంటి నోటి బేరపు మాటలు తెలుగువి. అంటే ఒకే గల్లాపెట్టె దగ్గర రెండు భాషలు పనిచేశాయి: రాతలో సర్కారు భాష, మాటలో ఇంటి భాష.

వ్యాపారం ఎక్కువగా వైశ్యుల చేతుల్లో ఉండటంతో కోస్తాలో ‘కోమటి కొట్టు’ అన్నది కిరాణా కొట్టుకు మారుపేరయింది. ఎడ్గర్ థర్స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో కోమట్ల వ్యాపార రహస్య భాషను కూడా ప్రస్తావించాడు. పరాయివాడి ముందు ధర మాట్లాడుకోవడానికి పనికొచ్చే భాష అది. అయితే కొట్లన్నీ ఒకే కులంవారివి కావు. ఇతర కులాలవారు, ముస్లింలు, హైదరాబాదు బేగంబజారులో మార్వాడీలు, గుజరాతీలు కూడా ఈ వ్యాపారంలో ఉన్నారు. సాధారణంగా ముందు కొట్టు, వెనుక ఇల్లు. యజమాని సరుకు తేవడానికి టోకు బజారుకు వెళ్ళిన రోజున కొట్టు నడిపింది ఆయన భార్యే. తూకం, లెక్క, బేరం ఆమెకూ అంతే తెలుసు. అయినా పేరు మాత్రం ఎప్పుడూ శెట్టిగారి కొట్టే.

బస్తాల్లో ఒదిగిన భూగోళం

మూడు గజాల వెడల్పున్న ఆ గదిలోకి ఎంత దూరం నుంచి సరుకు వచ్చేదో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది. మిరపకాయ గుంటూరు మార్కెట్టుది. పసుపు దుగ్గిరాలదో, నిజామాబాదుదో. బెల్లం దిమ్మలు అనకాపల్లివి. ఉప్పు ఉత్తర కోస్తాలో నౌపడ కొటార్లది, దక్షిణాన చినగంజాం కొటార్లది. కొబ్బరికాయ కోనసీమది, దానికి బజారు అంబాజీపేట. సగ్గుబియ్యం పెద్దాపురం, సామర్లకోట వైపు కర్రపెండలంతో చేసినది. చింతపండు మన్యం కొండల నుంచి సంతల మీదుగా దిగేది. వేరుశనగ నూనె రాయలసీమ నుంచి, కందిపప్పు తాండూరు వైపు నుంచి వచ్చేవి. వక్క పడమటి కనుమల నుంచి వచ్చేది. ఇంగువ అయితే అఫ్ఘానిస్తాన్ కొండల మొక్కల పాలు. ఎన్నో చేతులు మారి బొంబాయి మీదుగా మన పులుసులో పడింది.

గోనె బస్తాల మూతులు మడిచి వరసగా నిలిపేవారు. నూనె డబ్బాలు, వాటిలో వేలాడే కొలత గరిటెలు, పైకప్పు నుంచి దిగే పురికొస, గోడకు వేలాడే తక్కెడ, ఎత్తు పీట, దాని పక్కన గల్లాపెట్టె. ఉప్పు బస్తా మాత్రం రాత్రీ పగలూ అరుగు మీదే ఉండేది. దాన్ని ఎవరూ దొంగిలించరు. దీపాలు పెట్టాక ఉప్పు, సూది అమ్మకపోవడం ఆచారం. ఉప్పును చేతి నుంచి చేతికి ఇవ్వకపోవడం మరొక ఆచారం.

సరుకు కట్టిచ్చింది పాత కాగితంలో. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ రాబడితో 1908లో ఆంధ్రపత్రిక స్థాపించిన సంగతి అందరికీ తెలిసిందే. అమృతాంజనం సీసా కొట్టు అరలో ఉండేది, ఆంధ్రపత్రిక పాత ప్రతి పొట్లంగా చుట్టుకునేది. పుస్తకాలు కొనే స్తోమత లేని ఇళ్ళలో పొట్లం విప్పి చదివిన సగం కథలు, తేదీ చిరిగిపోయిన వార్తలు తెలుగు బడి పిల్లలకు రెండో వాచకంగా పనికొచ్చాయి.

సోల, తవ్వ, వీశె, కిలో

పాత కొట్టును అర్థం చేసుకోవాలంటే దాని కొలతలు తెలియాలి. కొలతలో రెండు పద్ధతులున్నాయి: గింజలకు, నూనెకు పాత్రతో కొలత, బెల్లం, చింతపండు, మిరపకాయల వంటివాటికి తూకం. కోస్తాలో 4 గిద్దలు 1 సోల, 2 సోలలు 1 తవ్వ, 2 తవ్వలు 1 మానిక, 4 మానికలు 1 కుంచం. తూకంలో 3 తులాలు 1 పలం, 40 పలాలు 1 వీశె, 8 వీశెలు 1 మణుగు. 5 పలాలను ఏబులమనీ, 10 పలాలను పదలమనీ అన్నారు. ఇప్పటి లెక్కలో వీశె సుమారు 1.4 కిలోలు, పదలం సుమారు 350 గ్రాములు.

చిక్కు ఎక్కడంటే, పేరు ఒకటే అయినా కొలత ఒకటి కాదు. మద్రాసు పద్ధతి శేరు 24 తులాలు. హైదరాబాదు రాజ్యంలోనూ, ఉత్తర దేశంలోనూ పక్కా శేరు 80 తులాలు. మద్రాసు మణుగు సుమారు 11 కిలోలు; ఉత్తరాది మణుగు 37 కిలోలకు పైమాట. కుంచం కూడా ప్రాంతానికొక పరిమాణంలో ఉండేది. సరిహద్దు జిల్లాల్లో సంతకు వెళ్ళిన రైతు ధర కన్నా ముందు ఏ కుంచమో, ఏ శేరో అడిగి తెలుసుకోవాలి. అడగనివాడు నష్టపోయాడు.

కొలిచే తీరులోనూ భాష ఉంది. మొదటి కొలతను ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని మొదలుపెట్టేవారు. ఏడు అనే మాటలో ఏడుపు వినిపిస్తుందని కొందరు ‘ఆరున్నొకటి’ అన్నారు. కొలత అయ్యాక కొసరు. కొసరును ఉదారతగా తలుచుకుంటాం కానీ, దానికి ఒక లెక్క ఉంది. తూకంలో పోయిందేమో అన్న అనుమానానికి అందరి ఎదుటా ఇచ్చే పరిహారం అది.

1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి అంచెలంచెలుగా కిలో, లీటరు ప్రవేశించి, 1962 నాటికి దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందే 1957 ఏప్రిల్ 1న నాణేలు మారాయి. 16 అణాలు, 64 పైసలు, 192 దమ్మిడీలున్న రూపాయి 100 నయా పైసలయింది. అణాకు సరిగ్గా ఆరుంబావు పైసలు. ఆ పావు పైసా ఎవరికి చెందాలన్నది ప్రతి చిన్న బేరంలోనూ తగువే. వ్యాపారి ఏడంటాడు, కొనేవాడు ఆరంటాడు. అణా, అర్ధణా బేరాలతో బతికే ఇంటికి ఇది చిన్న విషయం కాదు.

చట్టం మారినంత త్వరగా నాలుక మారలేదు. 1970ల్లో మేము బడిలో గ్రాములు, మిల్లీలీటర్లు వల్లె వేస్తుండగా ఇళ్ళలో పెద్దలు పెద్దబాలశిక్ష కొలతలతోనే మాట్లాడారు. ‘ఏబులం చింతపండు’ అని ఇంట్లో చెబితే కొట్టు దగ్గరకు వెళ్ళేలోగా పిల్లవాడు దాన్ని గ్రాముల్లోకి మార్చుకోవాలి. నాణెం పేర్లు ఇంకా మొండివి. అణా పోయాక కూడా పావలా బతికింది; 25 పైసల నాణెం 2011 జూన్ నెలాఖరుతో చెల్లకుండా పోయేవరకు ఆ మాటకు వస్తువు ఉంది.

కొత్త కొలత వల్ల కలిగిన మేలును తక్కువ చేయకూడదు. ముద్ర వేసిన రాళ్ళు, తనిఖీ అధికారి, దేశమంతటా ఒకే కిలో వచ్చాక, ఏ కుంచమో అడగడం తెలియని కూలివాడు కూడా మిగతావారితో సమానంగా కొనగలిగాడు. కొట్టు కోల్పోయిన మొదటి అధికారం ఇదే: తన కొలతను తానే నిర్ణయించుకునే అధికారం.

పద్దు

కొట్టుకు గుండెకాయ పద్దుల పుస్తకం. ఏ రోజు లావాదేవీలు ఆ రోజు చిట్టాలోకి, అక్కడి నుంచి మనిషి పేరున ఆవర్జాలోకి. కొత్త పుస్తకానికి పసుపు రాసి, ‘శ్రీ’ చుట్టి, పండగనాడు మొదలుపెట్టేవారు. గోడ మీద ‘నేడు రొక్కము, రేపు అరువు’ అన్న బోర్డు వేలాడుతున్నా, సగం పైగా బేరాలు ఆ బోర్డు కిందనే అరువు మీద జరిగాయి.

ఖాతాలు స్థూలంగా మూడు రకాలు. జీతగాళ్ళది నెలవారీ ఖాతా: బడిపంతులు, తపాలా ఉద్యోగి, గుమాస్తా ఒకటో తేదీన చెల్లించేవారు. రైతుది పంట ఖాతా: వరి కోతకు, మిరప అమ్మకానికి, పొగాకు డబ్బు చేతికొచ్చినప్పుడు తీర్చేది. కూలివాళ్ళది రోజువారీ ఖాతా, లేదా ఖాతా లేని బేరం. డెల్టా గ్రామాల్లో కూలి గింజల్లో ముట్టిన రోజుల్లో, సాయంత్రం కొంగులో వడ్లు తెచ్చి కొట్టులో పోసి, ఉప్పు, మిరపకాయలు, కిరసనాయిలు తీసుకెళ్ళిన స్త్రీలు ఎందరో. ఈ మారకంలో వడ్ల ధర కట్టింది కొట్టువాడే, మిరపకాయల ధర కట్టిందీ కొట్టువాడే. రెండు వైపులా ధర ఒకే మనిషి చేతిలో ఉన్నప్పుడు తక్కెడ ఎంత నిఖార్సుగా ఉన్నా న్యాయం ఒక పక్కకే ఒరుగుతుంది.

అరువుకు వడ్డీ రాయలేదు కనుక వడ్డీ లేదనుకోవడం పొరపాటు. అది ధరలోనే కలిసి ఉంది. రొక్కం ధర వేరు, ఖాతా ధర వేరు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది: బాకీ ఉన్నవాడు వేరే కొట్టుకు వెళ్ళలేడు. వెళ్ళినట్టు తెలిస్తే పాత బాకీ ఆ రోజే అడుగుతారు. అంటే అరువు మనిషిని నిలబెట్టింది, కట్టి కూడా పడేసింది.

మరోవైపు చూస్తే, వానలు లేని ఏడు, ఇంటి పెద్ద మంచాన పడిన నెల, పెళ్ళి ఖర్చు మీదపడిన వేసవి ఆ పుస్తకం ఆధారంగానే గడిచాయి. పత్రం లేదు, సాక్షి లేడు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 34వ విభాగం ప్రకారం క్రమంగా రాసిన లెక్కల పుస్తకం న్యాయస్థానంలో సంబంధిత సాక్ష్యంగా చెల్లేది కానీ, కేవలం ఆ పుస్తకంతోనే ఒకరిని బాకీదారుగా నిర్ణయించడానికి వీలుండేది కాదు. చిన్న ఖాతాలకు ఈ చట్టంతో పనిపడింది అరుదు. పదిహేను రూపాయల కోసం ఎవరూ కోర్టుకెక్కరు. బాకీ వసూలైంది మాట పోతుందన్న భయంతో, రేపు మళ్ళీ అడగవలసి వస్తుందన్న ఎరుకతో. ఎగ్గొట్టిన బాకీలు కొట్టువాడి నష్టం. చిన్న కొట్లు కొన్ని ఆ నష్టంతోనే మూతపడ్డాయి.

గడప

కిరాణా కొట్టు అందరిదీ అన్న మాట జ్ఞాపకాల్లో తరచు వినిపిస్తుంది. ఎవరు అరుగెక్కారు, ఎవరు కింద నిలబడ్డారు అన్న ప్రశ్న వేస్తే ఆ మాట నిలవదు. దళితులు ఎంతో గ్రామీణ ప్రాంతంలో అరుగుకు దూరంగా నిలబడాలి. నాణెం నేల మీదో, గట్టు మీదో పెట్టాలి. కొన్నిచోట్ల దానిమీద నీళ్ళు చల్లి తీసుకునేవారు. సరుకు చేతికి తగలకుండా పైనుంచి పరచిన గుడ్డలోకి వదిలేవారు. అక్కడే నిలబడి కొసరుతో సహా అరుగు మీది నుంచి సరుకు తీసుకున్న మేము దాన్ని చూస్తూనే పెరిగాం.

రాజ్యాంగ నిర్మాతలకు ఈ సంగతి బాగా తెలుసు. 15వ అధికరణం వివక్షను నిషేధిస్తూ దుకాణాలను పేరుపెట్టి ప్రస్తావించింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్ని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చారు. కాగితం మీద హక్కు వచ్చాక కూడా కొట్టు శిక్షించే సాధనంగా మిగిలింది. సాంఘిక బహిష్కరణ అంటే పల్లెలో ముందుగా తెలిసివచ్చేది ఉప్పు, పప్పు అమ్మకపోవడంతోనే. 1991 ఆగస్టులో గుంటూరు జిల్లా చుండూరులో దళితుల హత్యాకాండకు ముందు అక్కడ సాంఘిక బహిష్కరణ నడిచింది. ఊళ్ళో కొట్టు ఒకటే అయినప్పుడు దాని తలుపు ఎవరికి మూసుకుంటుందన్నది జీవన్మరణ సమస్య.

ఈ కోణంలో చూస్తే, మొహం చూడకుండా అందరికీ ఒకే ధర చూపించే సరుకుల పాకెట్టు, పేరు అడగకుండా బిల్లు ఇచ్చే దుకాణం కొందరికి నష్టం, కొందరికి విముక్తి. వాటిని తిట్టే ముందు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అరలో మందులు, బస్తాలో రోగాలు

వృత్తిరీత్యా వైద్యుణ్ణి కనుక కొట్టు గురించి ఆలోచించినప్పుడల్లా దాని చివరి అర దగ్గర ఆగిపోతాను. వాము, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, కరక్కాయ, వస, జాజికాయ, మాచికాయ, పటిక, పటికబెల్లం, సగ్గుబియ్యం, బార్లీ. ఆసుపత్రి పది మైళ్ళ దూరంలో ఉన్న ఊరికి మందుల కొట్టు అదే. ఎవరింటి నుంచి సగ్గుబియ్యం, బార్లీ కోసం పిల్లవాడు వచ్చాడో చూసి ఆ ఇంట్లో జ్వరమని గ్రహించేవారు. శొంఠి, పిప్పళ్ళు ఎక్కువగా కట్టించుకుంటే బాలింత కాయానికని అర్థం.

అతిసారంతో పిల్లలు చనిపోతున్న రోజుల్లో ఆ ప్రాణాలు నిలపగల వస్తువులు అదే కొట్టులో ఉన్నాయి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, సోడా ఉప్పు నీళ్ళలో కలిపి తాగించి వేలమంది కలరా రోగులకు చికిత్స చేశాడు. ఉప్పు, సోడా ఉప్పు, చక్కెర లేని కిరాణా కొట్టు లేదు. లేనిదల్లా వాటిని ఏ పాళ్ళలో కలపాలన్న తెలివిడి. దానికి బదులు విరేచనాలవుతున్న బిడ్డకు నీళ్ళు మాన్పించిన ఇళ్ళు ఎన్నో.

‘ఆ రోజుల్లో అంతా స్వచ్ఛం’ అన్న మాటనూ వైద్య చరిత్ర ఒప్పుకోదు. ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, బెరిబెరి స్థిరంగా పాతుకున్న వ్యాధి. మరపట్టిన పచ్చి బియ్యంలో పైపొరతో పాటు థయమిన్ పోవడం దానికి కారణం. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాల్లో ఆ వ్యాధి అంతగా లేదు, ఎందుకంటే ఉడికించినప్పుడు ఆ విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. కూనూరు పరిశోధనశాలకు నాయకత్వం వహించిన వాలస్ ఎక్రాయిడ్, ఆయన సహచరులు 1940లో భారతదేశపు బియ్యం సమస్యపై వెలువరించిన గ్రంథం ఇటువంటి విషయాలనే చర్చించింది. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. దంపుడు బియ్యం తిన్న ఇల్లు కొట్టులో మెరిసే తెల్ల బియ్యాన్ని హోదాగా భావించి కొన్నది. కొట్టువాడు మోసం చేయలేదు, అడిగిందే అమ్మాడు.

కల్తీ మాత్రం వేరే సంగతి. మిరియాల్లో బొప్పాయి గింజలు, కారంలో ఇటుక పొడి, పసుపులో మెటానిల్ ఎల్లో అనే రంగు, కందిపప్పులో కేసరి పప్పు. కేసరి పప్పు అదేపనిగా తింటే కాళ్ళు పడిపోతాయి. ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లోనే వచ్చిందంటే అప్పటికి సమస్య ఎంత ముదిరిందో ఊహించవచ్చు.

మూతపడిన క్రమం

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆహారధాన్యాల మీద నియంత్రణలు వచ్చాయి. బియ్యం ధరను, పరిమాణాన్ని సర్కారు నిర్ణయించింది. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ 1952లో వాటిని ఎత్తివేశారు కానీ ఆ మాట పోలేదు. చౌక ధరల దుకాణాన్ని తెలంగాణలో చాలాకాలం ‘కంట్రోలు’ అనే అన్నారు. 1955లో నిత్యావసర సరుకుల చట్టం, 1965లో భారత ఆహార సంస్థ వచ్చాయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టింది. పేదల ఇంట అన్నం మెతుకు పెంచిన పథకం అది. కొట్టు వైపు నుంచి చూస్తే, ఇంటి ఖర్చులో అతి పెద్ద పద్దు దాని పుస్తకంలోంచి చాలావరకు వెళ్ళిపోయింది. బియ్యం కోసం బాకీపడవలసిన అవసరం తగ్గినవాడు కొట్టువాడికి భయపడవలసిన అవసరం కూడా తగ్గింది.

రెండో మార్పు పాకెట్టు. డాల్డా 1937 నుంచీ డబ్బాలోనే వచ్చింది. 1959లో సర్ఫ్, 1969లో మొదలై తర్వాతి దశాబ్దంలో దేశమంతా వ్యాపించిన నిర్మా, బిస్కట్లు, టీ పొడి, టూత్ పేస్టు ఒక్కొక్కటిగా బస్తాల పక్కన చేరాయి. 1977లో పాకెట్టు సరుకులకు నియమాలు వచ్చాయి. బరువు, తయారీదారు వివరాలు ముద్రించడం తప్పనిసరి అయింది. 1990లో పన్నులన్నీ కలుపుకొని గరిష్ఠ చిల్లర ధర ముద్రించాలన్నారు. తూచి ఇచ్చే మనిషి నైపుణ్యం, సరుకు నాణ్యత చేత్తో పట్టి చెప్పగల అనుభవం, బేరం, కొసరు అన్నీ ఆ ముద్రణ కింద అణిగిపోయాయి. కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ వెల్వెట్ షాంపూను చిన్న పాకెట్లలో అమ్మి చూపించాడు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో ఆ దారినే నడిచాడు. ఈ చిన్న పాకెట్ల దండలు చిన్న కొట్లను కొంతకాలం బతికించాయి కూడా. అయితే అప్పటికి కొట్టు స్వభావం మారింది. గుంటూరు మిరప, దుగ్గిరాల పసుపు ఎంచి తెచ్చిన వ్యాపారి కంపెనీ సరుకుకు చివరి గుమస్తా అయ్యాడు.

పెద్ద దుకాణాలు వచ్చింది ఇవన్నీ జరిగాక. హైదరాబాదులో త్రినేత్ర 1986లో మొదలైంది. చెన్నైలో 1997లో మొదలైన సుభిక్ష మన ఊళ్ళకూ పాకి, 2009 నాటికి తానే కూలిపోయింది. రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు 2006 నవంబరులో హైదరాబాదులోనే తెరుచుకున్నాయి. వీటి పోటీ నిజమే కానీ, చాలా కొట్ల విషయంలో అసలు కారణం ఇంటి లోపలే ఉంది. 1990ల్లో ఇంజనీరింగు కళాశాలలు వెల్లువెత్తాయి. కొట్టువాడు పద్నాలుగు గంటలు పీట మీద కూర్చుని కొడుకును, కూతురిని చదివించింది వాళ్ళు ఆ పీట మీద కూర్చోకూడదనే. ఈ పత్రిక చదివేవారిలో ఆ కొట్లలో పొట్లాలు కట్టి పెరిగినవారు తప్పక ఉంటారు. ప్రధాన వీధిలో స్థలం విలువ వ్యాపారం విలువను మించిపోయాక, తండ్రి వయసు మీరిన రోజున తలుపు వేయడం నష్టం కాదు, నెరవేరిన కోరిక.

అప్పు ఎటు వెళ్ళింది

కొట్టు మూతపడితే సరుకు వేరేచోట దొరుకుతుంది. అరువు దొరకదు. ఈ ఖాళీలోకి స్వయం సహాయక సంఘాలు వచ్చాయి, వాటి పక్కనే సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. వారం వారం తప్పని వాయిదా, ఒకరు కట్టకపోతే తోటివారి మీద ఒత్తిడి వాటి పద్ధతి. బలవంతపు వసూళ్ళ మీద, ఆత్మహత్యల మీద వచ్చిన ఆరోపణల నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తీసుకురావలసి వచ్చింది. పాత పద్దుకు ఎన్ని దోషాలున్నా, జ్వరం వచ్చిన వారం కొట్టువాడు ఆగాడు, ఎందుకంటే జ్వరం సంగతి అతనికి తెలుసు. కంప్యూటరులోని వాయిదాకు ఆ సంగతి తెలియదు. తెలిసిన మనిషి అవమానించగలడు, ఆగనూగలడు. తెలియని సంస్థ అరుగు ఎక్కనిస్తుంది కానీ ఆగదు. ఈ రెండింటి మధ్య ఇంకా మనకు దారి దొరకలేదు.

విదేశాల్లో మనకు ఆ కొట్టు మరో రూపంలో ఎదురవుతుంది. పటేల్ బ్రదర్స్ 1974లో షికాగో డెవన్ అవెన్యూలో తెరిచిన దుకాణం తర్వాత, గుంటూరు కారం, అనకాపల్లి బెల్లం పేర్లు అమెరికా ఊళ్ళలో అరలకెక్కాయి. సరుకంతా ఉంది, పద్దు లేదు. ఆ పద్దు మనకు అవసరం లేదు కూడా. అది అవసరమైన మనుషులు మనం వదిలి వచ్చిన ఊళ్ళలో ఉన్నారు.

చివరిగా ఒక విజ్ఞప్తి. పాత చిట్టాలు, ఆవర్జాలు ఎన్నో ఇళ్ళ అటకల మీద ఇంకా ఉన్నాయి. ఇల్లు అమ్మేటప్పుడు తూకానికి పోతున్నాయి. కొట్టు నడిపిన కుటుంబాలవారు సెలవులకు వెళ్ళినప్పుడు వాటిని ఫోటోలు తీసి, ఏదైనా విశ్వవిద్యాలయానికో, గ్రంథాలయానికో అప్పగించాలి. ఏ ఏడు కందిపప్పు ఎంత, ఏ నెలలో ఎవరు ఏం తినగలిగారు, కరువు ఏ ఇంటిని ఎలా తాకింది అన్నది చెప్పగల ఆధారాలు అంతకు మించి లేవు. ఒక్క జాగ్రత్త అవసరం. అందులో తీరని బాకీల పక్కన మనుషుల పేర్లున్నాయి, వారి మనవలు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉన్నారు. వైద్యులు రోగి వివరాలు దాచినట్టే పరిశోధకులు ఆ పేర్లను దాచాలి, అంకెలను మాత్రం దాచకూడదు.